దీవికి వెళ్దాం... క్షేమంగా తిరిగొద్దాం!



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మా బ్యాచ్ మిత్రులం నలుగురం కూర్చుని ఆలోచించాం. క్రమశిక్షణ గురించి, చదువు విలువ గురించి మనకన్నా పెద్దవాళ్ళు చక్కగా రాస్తారు. మేము మాత్రం మా కళ్ళముందు జరిగిన ఒక చిన్న గాయం గురించి, అది నేర్పిన పాఠం గురించి రాద్దామనుకున్నాం. ఎందుకంటే సెలవులొస్తే మనలో చాలామంది పులికాట్ దారి పడతారు. కొందరు పక్షులను చూడటానికి, కొందరు స్నేహితుడి ఊరికి, కొందరు తమ సొంత ఇంటికి. అందరూ తెలుసుకోవలసిన సంగతులు ఇందులో ఉన్నాయి.

మన ప్రళయకావేరి

ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. మన పెద్దలు దీన్ని ప్రళయకావేరి అనేవారు. సరస్సులో ఎక్కువ భాగం మన రాష్ట్రంలోను, మిగిలింది తమిళనాడులోను ఉంది. సముద్రానికీ సరస్సుకూ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి ఉంది. కాళంగి, ఆరణి నదులు మంచినీళ్ళు తెచ్చి పోస్తే, ముఖద్వారాల గుండా సముద్రపు ఉప్పునీరు వస్తుంది. వానాకాలంలో నీళ్ళు పెరుగుతాయి, ఎండాకాలంలో చాలా మేర ఎండిపోయి అడుసు తేలుతుంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అప్పటినుంచి కుప్పం, పలమనేరు వైపు పిలకాయలకు కూడా పులికాట్ బాగా దగ్గరైనట్టుంది.

సరస్సులో ఇరకం, వేనాడు వంటి దీవులున్నాయి. ఇరకానికి భీమునివారిపాళెం రేవులో పడవ ఎక్కి వెళ్తాం. వేనాడు దర్గా గంధం ఉత్సవానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర ఆగితే చలికాలంలో ఫ్లెమింగోలు కనిపిస్తాయి. నేలపట్టులో గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. 2025 జనవరి 18 నుంచి 20 వరకు పక్షుల పండుగ మళ్ళీ జరిగినప్పుడు ఎంతమంది వచ్చారో మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంత అందమైన చోటికి వెళ్ళొద్దని మేము చెప్పం. తప్పక వెళ్ళండి. అయితే తెలిసి వెళ్ళండి.

మాకు జరిగింది

హాస్టలు విడిచిన కొత్తలో, ఒక సంక్రాంతి సెలవుల్లో, మేము 14 మందిమి కలిసి ఇరకం బయలుదేరాం. అక్కడ మా మిత్రుడి ఇల్లు ఉంది. రేవులో పడవ సిద్ధంగా ఉంది. అందరం ఎగబడి ఎక్కుతుంటే కుప్పం వైపునుంచి వచ్చిన ఒక మిత్రుడు మాత్రం ఒడ్డునే నిలబడి లైఫ్ జాకెట్లు లెక్కపెట్టాడు. 9 ఉన్నాయి. "మనం 14 మందిమి, జాకెట్లు 9. రెండు సార్లుగా పోదాం" అన్నాడు. మేము నవ్వాం. "ఒరే, నీళ్ళు నడుం దాకా కూడా ఉండవు. అంత పిరికోడివైతే బస్టాండులో కూర్చో పో" అన్నాం. వాడి ముఖం చిన్నబోయింది గానీ పడవ మాత్రం ఎక్కలేదు. చివరికి పడవాయనే కలగజేసుకున్నాడు. "ఆ పిలకాయ చెప్పింది సబబే సామీ. గాలి ఎప్పుడెట్ట తిరుగుతుందో మాకే తెలీదు. రెండు సార్లు తిప్పుతా, ఏముంది?" అన్నాడు. గంటసేపు ఆలస్యమైంది. అందరం క్షేమంగా చేరాం.

అసలు ఆపద దీవిలో ఎదురైంది. సాయంత్రం వలలు దులిపే చోట తిరుగుతుండగా మాలో ఒకడి పాదంలో జెల్ల చేప ముల్లు దిగింది. అతని కాళ్ళకు చెప్పులు లేవు. పండక్కి కొన్న కొత్త చెప్పులు అడుసులో పాడవుతాయని విప్పి చేత్తో పట్టుకున్నాడు! ముల్లు లాగేసి, ఉప్పునీళ్ళతోనే కడుక్కుని, ఎవరికీ చెప్పలేదు. అప్పటికే రెండు సార్ల పడవ వల్ల ఆలస్యమైంది, తనవల్ల యాత్ర మొత్తం చెడిపోతుందని అతని భయం. మిత్రుడి అమ్మ గమనించి "కుంటతా ఉండావేంది నాయనా?" అని అడిగితే "ఏం లేదమ్మా, రాయి గుచ్చుకునింది" అన్నాడు.

రాత్రికి కాలు వాచింది, చలిజ్వరం వచ్చింది. బయట గాలి పెరిగింది. ఆ చీకట్లో పడవ కదలదు. తెల్లవారి పడవలో రేవుకు, అక్కడినుంచి ఆటోలో సూళ్లూరుపేటకు తీసుకెళ్ళేసరికి పాదం మీద చర్మం నిగనిగలాడుతోంది. ముల్లు విరిగి ముక్క లోపలే ఉండిపోయిందని డాక్టరు గారు చెప్పారు. అది తీసి, సూదులు వేసి, కట్టు కట్టారు. మూడు వారాలు నడవలేకపోయాడు. అతని కానిస్టేబుల్ పరుగు పరీక్షకు అప్పటికి 12 రోజులే ఉంది. రెండేళ్ళుగా తెల్లవారుజామున లేచి పరిగెత్తినవాడు. ఆ రోజు మైదానానికి వెళ్ళలేకపోయాడు. తర్వాతి నోటిఫికేషన్ వచ్చేసరికి ఇంటి బాధ్యతలు మీద పడి వేరే పనిలో చేరిపోయాడు.

ఇది రాస్తున్న నలుగురిలో అతనూ ఉన్నాడు. పేరు వద్దన్నాడు. సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాయమన్నాడు.

దీవిలో అసలు ప్రమాదం ఏమిటి?

అదే ముల్లు ఊళ్ళో గుచ్చుకుంటే పావుగంటలో ఆసుపత్రికి వెళ్తాం. దీవిలో ఆపదకూ వైద్యానికీ మధ్య నీళ్ళున్నాయి. పడవ దొరకాలి, గాలి అనుకూలించాలి, వెలుతురు ఉండాలి. అందువల్ల దీవికి వెళ్ళేవాడు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఒడ్డున దొరికే సాయంలో కొంత మనమే సంచిలో మోసుకుపోవాలి. రెండు, చిన్న బాధైనా వెంటనే చెప్పాలి. పొద్దు ఉండగా చెబితే పడవ ఉంటుంది. ఇక వివరాల్లోకి వెళ్దాం.

1. పడవ ఎక్కేముందు

2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పులికాట్‌లో విహారానికి వచ్చినవారి పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ మునిగి 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. మూడు చోట్లా వెళ్ళినవారు మనలాగే సరదాగా గడపడానికి వెళ్ళినవారే.

కాబట్టి తలలు, జాకెట్లు రెండూ లెక్కపెట్టండి. జాకెట్టు ఒళ్ళో పెట్టుకుంటే లాభం లేదు. తొడుక్కుని, బకిల్సు పెట్టి, పట్టీలు బిగించాలి. భుజాల దగ్గర పట్టి పైకి లాగితే గడ్డం మీదికి జారకూడదు. పడవ కదిలాక లేచి నిలబడటం, ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు జరగడం ప్రాణాంతకం. తాగినవారితో పడవ ఎక్కొద్దు. పడవ నడిపేవాడు తాగి ఉంటే అసలే ఎక్కొద్దు. తిరుగు ప్రయాణం పొద్దు గుంకకముందే ముగిసేలా చూసుకోండి.

గాలి, నీళ్ళ సంగతి మనకన్నా పడవాయనకు బాగా తెలుసు. ఆయన "ఈరోజు వద్దు" అంటే బేరాలాడకండి. 'ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న' అన్నట్టు ఉండకూడదు.

ఇక ఈత. "సరస్సు లోతు లేదు కదా" అన్నది మేమూ అన్న మాటే. చాలాచోట్ల లోతు తక్కువే. కానీ కింద ఉన్నది అడుసు. కాలు దిగబడితే నడుం లోతు నీళ్ళలో కూడా మనిషి మునిగిపోతాడు. ముఖద్వారాల దగ్గర లోతూ ఎక్కువే, ఆటుపోట్ల లాగుడూ ఎక్కువే. అక్కడ దిగనే దిగకూడదు. ఎండిన సరస్సు మీద పక్షులకు దగ్గరగా పోదామని నడిచినా ఇదే ప్రమాదం. పైన పెచ్చులా ఆరి ఉన్నా లోపల మెత్తగా ఉంటుంది. కాలు దిగబడితే గుంజుకోకుండా వెనక్కి వాలి, బరువును పరచి, మెల్లగా ఒక్కొక్క కాలూ తీసుకోవాలి.

2. పడవ తిరగబడితే, ఎవరైనా మునిగిపోతుంటే

పడవ తిరగబడినా చాలాసార్లు తేలుతూనే ఉంటుంది. ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపించినా ఈదబోకుండా పడవనే పట్టుకుని ఉండాలి. ఒకరినొకరు పిలుచుకుని లెక్క చూసుకోవాలి.

మునిగేవాడిని కాపాడబోయి ఈత వచ్చినవారు కూడా పోవడం మనం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. భయంలో ఉన్నవాడు దొరికినవారి మెడ పట్టుకుంటాడు. అందుకే దూకకండి. తాడు, గడకర్ర, పంచె, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను, ఏది ఉంటే అది అందించండి లేదా విసరండి.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చేయకూడదు. దానివల్ల సమయం పోతుంది, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండుసార్లు గాలి ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో రెండు చేతులతో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కాలి. పెద్దవారికి సుమారు 5 సెంటీమీటర్లు లోపలికి దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. మళ్ళీ రెండు శ్వాసలు, మళ్ళీ 30. ఊపిరి వచ్చేదాకా, లేదా వైద్యసాయం అందేదాకా ఆపకూడదు. కోలుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కొందరికి గంటల తర్వాత ఆయాసం వస్తుంది. ఇది చదివితే వచ్చేది కాదు. హాస్టలుకు ఆరోగ్య సిబ్బంది వచ్చినప్పుడు చేయించి నేర్చుకోండి.

3. ఎండ, దాహం

చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. ఉప్పుగాలిలో చెమట వెంటనే ఆరిపోవడంతో ఒంట్లో నీరు పోతున్నట్టే తెలియదు. ఒక్కొక్కరు కనీసం రెండు లీటర్ల నీళ్ళు తీసుకెళ్ళండి. తలకు టోపీ గానీ టవలు గానీ ఉండాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్ళు చాలడం లేదని గుర్తు. తల తిరగడం, వాంతి, కాలిపిక్కలు పట్టడం మొదలైతే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్ళు తాగించాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. వెంటనే ఒంటిమీద నీళ్ళు పోస్తూ, విసురుతూ ఆసుపత్రికి తరలించాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

4. నీళ్ళు, తిండి

ఉత్సవాల్లో జనం ఎక్కువ, నీళ్ళు తక్కువ. విరేచనాలు పట్టుకునేది అక్కడే. మరిగించిన నీళ్ళు, వేడిగా వడ్డించిన అన్నం మంచిది. కోసి ఉంచిన పండ్లు, ఐసు వేసిన రసాలు వద్దు. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు నీటిలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. పొట్లం లేకపోతే లీటరు మంచినీటికి 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలపండి. స్పూను తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కలిపింది ఒక్క రోజే వాడాలి. మలంలో రక్తం పడినా, మూత్రం ఆగినా ఆలస్యం చేయకూడదు.

5. ముల్లు, గుల్ల, గాయం

ఇది మేము మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం. చెప్పులు కాళ్ళకే ఉండాలి! పాత బూట్లైతే ఇంకా మంచిది. చెప్పులు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. తక్కువ నీళ్ళలో నడిచేటప్పుడు కాలు ఎత్తి వేయకుండా నేలకు రాస్తూ నడవాలి. అప్పుడు అడుగున పడుకున్న టేకు చేప తప్పుకుంటుంది. లేకుంటే దాని తోకముల్లు గుచ్చుకుంటుంది.

జెల్ల ముల్లు, టేకు ముల్లు గుచ్చుకుంటే వాటి విషం వల్ల విపరీతమైన మంట పుడుతుంది. ఆ కాలును ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచితే నొప్పి బాగా తగ్గుతుంది. నొప్పితో ఉన్నవాడికి వేడి తెలియదు కనుక వేరొకరు చేయి పెట్టి చూడాలి. నొప్పి తగ్గింది కదా అని వదిలేయకూడదు. ముల్లు ముక్క లోపల ఉందేమో డాక్టరు చూడాలి. టీటీ ఇంజెక్షన్ సంగతీ అడగాలి. లోతుగా దిగిన ముల్లు గొంతు, రొమ్ము, పొట్ట దగ్గర ఉంటే లాగకుండా అలాగే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

గుల్లలు, ఆల్చిప్పలు కోసినా మంచినీళ్ళతో, సబ్బుతో బాగా కడిగి శుభ్రమైన గుడ్డ కట్టాలి. కాఫీపొడి, సున్నం, బురద పెట్టకూడదు. వెచ్చని ఉప్పునీటిలో బతికే కొన్ని సూక్ష్మజీవులు గాయంలోకి చేరితే గంటల్లోనే వాపు పాకుతుంది. షుగరు, కాలేయ జబ్బు ఉన్నవారికి అది మరీ ప్రమాదం. వాపు పాకుతున్నా, జ్వరం వచ్చినా, నీటి పొక్కులు లేచినా తెల్లారేదాకా చూద్దామనుకోకండి.

6. పాము కరిస్తే

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఉంది. దాన్ని ఆసుపత్రిలోనే ఎక్కించాలి. కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, మంత్రం వేయించడం, ఇవన్నీ పడవ ఎక్కాల్సిన సమయాన్ని తినేస్తాయి. కరిచిన కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా కర్ర ఆధారంగా వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుపోవాలి. ఉంగరాలు, కాలిపట్టీలు తీసేయాలి. కరిచిన సమయం రాసుకోవాలి. పామును చంపడానికి వెంటపడకండి. రాత్రి బయటికి వెళ్తే టార్చిలైటు తప్పనిసరి. కట్లపాము నిద్రలో ఉన్నవారిని కరుస్తుంది, కాటు గుర్తే కనిపించకపోవచ్చు. నేలమీద పడుకునేటప్పుడు దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే పాముకూ దోమకూ రెండింటికీ రక్షణ.

7. దోమలు, పక్షులు, తుఫాను

డెంగీ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ రాత్రి కుడుతుంది. నిండు చేతుల చొక్కా మేలు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు "దీవికి వెళ్ళొచ్చాం" అని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. పారాసిటమాల్ తప్ప ఇతర నొప్పిమాత్రలు సొంతంగా మింగకండి. డెంగీలో అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

పక్షులను దూరం నుంచే చూడాలి. చచ్చిపడిన పక్షిని, ఈకలను ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరానికి తుఫానుల కాలం. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గరే తుఫాను తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరైనా మన జిల్లాలో కుండపోత కురిసింది. వాతావరణ హెచ్చరిక ఉందంటే ప్రయాణం మానుకోండి. దీవిలో ఉన్నప్పుడు హెచ్చరిక వస్తే అధికారులు, ఊరి పెద్దలు చెప్పినట్టు నడుచుకోండి. ఉరుములు వినిపిస్తే నీళ్ళ మీద, ఒంటరి చెట్టు కింద ఉండకూడదు.

సంచిలో ఉండవలసినవి

మంచినీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, సబ్బు, శుభ్రమైన గుడ్డ, బ్యాండేజి, పారాసిటమాల్, టార్చిలైటు, టోపీ, విజిలు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫోను. ఉబ్బసం, ఫిట్సు, షుగరు ఉన్నవారు తమ మందులు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోవాలి. ఆడపిల్లల హాస్టలు చెల్లెళ్ళు నెలసరికి కావలసినవి మరవకండి. ఇవన్నీ నలుగురు పంచుకుంటే పెద్ద ఖర్చు కాదు. సిగ్నలు ఉంటుందని నమ్మకుండా, ఎక్కడికి వెళ్తున్నాం, ఎప్పుడొస్తాం అన్నది కాగితం మీద రాసి వార్డెన్ గారికో ఇంట్లోవారికో ఇచ్చి వెళ్ళండి. అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112. 108 బండి రేవు దాకా రాగలదు, నీళ్ళ మీద మాత్రం రాలేదు. కాబట్టి పడవ కదిలేటప్పుడే ఫోను చేసి రేవుకు రమ్మనండి.

చివరగా ఒక మాట

మన హాస్టలు పిలకాయలకు ఒక అలవాటుంది. నొప్పి దాచుకుంటాం. జ్వరమొస్తే ఇంటికి పంపేస్తారేమోనని, డబ్బు ఖర్చవుతుందేమోనని, నలుగురూ నవ్వుతారేమోనని. ఇంట్లో అమ్మానాన్నల కష్టం చూసి పెరిగినవాళ్ళం కాబట్టి మన బాధ ఇంకొకరికి భారం కాకూడదనుకుంటాం. అది మంచి బుద్ధే. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆ భారం పదింతలవుతుంది.

అందుకే వెళ్ళేముందు అందరూ ఒక మాట అనుకోండి. ఎవరికి ఏ బాధ కలిగినా ఆ క్షణమే చెప్పాలి, విన్నవాళ్ళు నవ్వకూడదు. జాకెట్లు లెక్కపెట్టే మిత్రుడిని పిరికివాడు అనకూడదు. మేము ఆ రోజు ఒకడిని చూసి నవ్వాం. అది చూసిన ఇంకొకడు సాయంత్రం నోరు విప్పలేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ కుప్పం మిత్రుడిని ఈమధ్య కలిసినప్పుడు మేమంతా క్షమాపణ అడిగాం. "అదెప్పటి మాటలేరా" అని వాడు నవ్వేశాడు. వచ్చే సంక్రాంతికి అందరం మళ్ళీ ఇరకం వెళ్దామని అనుకున్నాం. జాకెట్లు లెక్కపెట్టే పని మాత్రం వాడికే అప్పగించాం.

మీరంతా క్షేమంగా వెళ్ళి, లాభంగా తిరిగి రావాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థులు